వేపచెట్ల కొసలు ఎందుకు ఎండుతున్నాయి, ఇంటి ముందు ఇప్పుడు వేప నాటవచ్చా

బతుకమ్మ, దీపావళి దాటేసరికి నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి జిల్లాల్లో వేపచెట్లు మంట తగిలినట్టు గోధుమరంగుకు మారడం కొన్నేళ్లుగా జనం కళ్లముందే జరుగుతోంది. 2021 చివరి నెలల్లో ఇది తెలంగాణ అంతటా ఒక్కసారిగా కనిపించి వార్తల్లోకి ఎక్కింది. ఆ తర్వాతి ఏళ్లలోనూ వానలు తగ్గుముఖం పట్టే వేళకు ఎక్కడో ఒకచోట మళ్లీ కనిపిస్తూనే ఉంది. పోచమ్మ గుడి దగ్గరా, రచ్చబండ దగ్గరా మూడు తరాలు చూసిన చెట్టు కొసల నుంచి ఎండుతూ వస్తుంటే ఊరి మనసు కలతపడటం సహజం. అప్పుడు రెండు ప్రశ్నలు కలగలిసిపోతాయి. ఉన్న చెట్టు చచ్చిపోయినట్టేనా అన్నది మొదటిది. ఇంటి ముందు కొత్తగా వేప నాటుకోవాలనుకున్నవారు ఆ ఆలోచన మానుకోవాలా అన్నది రెండోది. ఈ రెండింటికీ సమాధానం చెప్పాలంటే ముందుగా చెట్టులో ఏం జరుగుతోందో, ఎప్పుడు జరుగుతోందో విడివిడిగా చూడాలి.

డైబ్యాక్ అంటే చెట్టులో జరిగేది ఏమిటి

కొమ్మ కొసన మొదలైన ఎండు క్రమంగా వెనక్కి, అంటే పెద్దకొమ్మ వైపు, జరుగుతూ రావడాన్ని డైబ్యాక్ అంటారు. మన ప్రాంతంలో కొమ్మ ఎండు తెగులు అన్నా ఇదే. జ్వరం ఒక లక్షణమే తప్ప ఒక జబ్బు కాదన్నట్టుగా, డైబ్యాక్ కూడా బయటికి కనిపించే లక్షణం. దాని వెనుక కారణాలు వేరువేరుగా ఉండవచ్చు. నల్లగొండ బత్తాయి రైతులకు ఇది కొత్త సంగతి కాదు. బత్తాయి తోటల్లో కొమ్మలు కొసల నుంచి ఎండడానికి వేరుకుళ్లు, నీరు నిలవడం, పోషకాల లోపం, శిలీంధ్రాలు ఇలా ఎన్నో కారణాలు కలుస్తాయని, ఒకే మందుతో అన్ని తోటలూ తేరుకోవని వారు అనుభవం మీద తెలుసుకున్నారు. వేప విషయంలోనూ ఆ జాగ్రత్త అవసరమే.

ఇప్పుడు మనం చూస్తున్న ఎండు ఎక్కువగా లేత రెమ్మలకు పరిమితం. రెమ్మ చివరనున్న ఆకులు ముదురు గోధుమరంగుకు తిరిగి, రాలిపోకుండా వేలాడుతూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే చెట్టు మొత్తం చచ్చిందనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి వేలు మందం కొమ్మ మీద గోటితో గీరితే చాలా చెట్లలో బెరడు కింద పచ్చదనం కనిపిస్తుంది. కళ్లకు కనిపించే భయానికీ చెట్టు లోపలి స్థితికీ మధ్య ఇంత దూరం ఉండటమే ఈ తెగులు చుట్టూ ఉన్న గందరగోళానికి మూలం.

ఒక శిలీంధ్రం, ఒక పురుగు, ఒకే రకం ఎండు

శాస్త్రవేత్తలు ప్రధానంగా చెప్పే కారణాలు రెండు. మొదటిది ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం. ఇది తెలంగాణలో పుట్టినదీ కాదు, 2021లో పుట్టినదీ కాదు. వేప మీద ఈ తెగులును ఉత్తరాదిన డెహ్రాడూన్ ప్రాంతంలోనూ, దక్షిణాదిన కర్ణాటకలోనూ 1990లలోనే గుర్తించి వర్ణించారు. రెమ్మల ఎండు, పూతమాడు, కాయకుళ్లు అనే మూడు రూపాల్లో ఇది కనిపిస్తుంది. ఎండిన రెమ్మ బెరడు మీద సూదిమొనంత నల్లటి చుక్కల్లో శిలీంధ్రపు బీజాలు తయారవుతాయి. వాన తడికి అవి బయటికి వచ్చి, చినుకుల తాకిడికి చింది పక్క రెమ్మలకు చేరతాయి. అందుకే తెగులు ఎండాకాలంలో అణిగి ఉండి, వానాకాలంలో పుంజుకుని, ఆ తర్వాతి నెలల్లో పూర్తిగా బయటపడుతుంది. ఎండిన రెమ్మల నుంచి తీసిన నమూనాల్లో ఫ్యుసేరియం వంటి ఇతర శిలీంధ్రాలు కూడా దొరికాయి.

రెండో కారణం టీ దోమ. పేరులో దోమ ఉన్నా ఇది రసం పీల్చే నల్లి జాతి పురుగు. సన్నగా, పొడవాటి కాళ్లతో, ఎరుపు గోధుమరంగు దేహంతో, వీపు మీద గుండుసూది గుచ్చినట్టుండే చిన్న పొడుపుతో గుర్తుపట్టవచ్చు. కోస్తా జీడిమామిడి రైతులకు ఇది పాత శత్రువు. జామను, వేపను కూడా ఆశిస్తుంది. పిల్ల పురుగులూ పెద్ద పురుగులూ లేత రెమ్మల్లో ముక్కు గుచ్చి రసం పీలుస్తాయి. ఆ సమయంలో పురుగు వదిలే లాలాజలం చెట్టు కణజాలానికి విషం. గుచ్చిన చోట నల్లటి మచ్చ పడి, బంక కారి, కొద్ది రోజుల్లోనే రెమ్మ వాడిపోతుంది.

ఈ రెండింటిలో అసలు దోషి ఏది అన్న విషయంలో అభిప్రాయభేదం ఉంది. పురుగే ముందు వస్తుందని, అది చేసిన గాయాల ద్వారా శిలీంధ్రం లోపలికి దిగుతుందని, కాబట్టి పురుగును అదుపుచేస్తే చాలని కొందరు నిపుణులు అంటారు. శిలీంధ్రం గింజలో కూడా ఉంటుందని, పురుగు కనిపించని చెట్లలోనూ ఎండు కనిపిస్తోందని, కాబట్టి అదే ప్రధాన కారణమని మరికొందరు అంటారు. రెండు వాదాలకూ పొలంలో ఆధారాలు దొరుకుతాయి. రెమ్మ మీద విడివిడి నల్లటి మచ్చలు, కారిన బంక, హఠాత్తుగా వాడిన లేత చిగురు కనిపిస్తే అక్కడ పురుగు పాత్ర బలంగా ఉన్నట్టు లెక్క. మచ్చలు లేకుండా కొస నుంచి వెనక్కి ఒకే రీతిన ఎండి, బెరడు మీద నల్లటి చుక్కలు తేలితే శిలీంధ్రం వైపు మొగ్గాలి. ఒకే చెట్టు మీద రెండూ ఉండటం మాత్రం సర్వసాధారణం. అందువల్ల ‘పురుగా, తెగులా’ అని ఒకదాన్ని ఎంచుకోమనే ప్రశ్న కంటే, ఈ చెట్టులో ఈ ఏడు ఏది ముందు వచ్చింది అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

వాతావరణం ఈ రెండింటికీ తోడవుతుంది. వానలు బాగా కురిసిన ఏడు వేప ఆగస్టు, సెప్టెంబరులలో విపరీతంగా చిగురిస్తుంది. పురుగుకు కావలసింది లేత చిగురు, శిలీంధ్రానికి కావలసింది తేమ; రెండూ ఒకే సమయంలో అమరుతాయి. 2020లోనూ 2021లోనూ తెలంగాణలో వానలు సమృద్ధిగా కురిశాయి. ఆ వరసలోనే తెగులు ఇంత విస్తారంగా బయటపడటం పై వివరణకు సరిపోతుంది.

పురుగులను తరిమే చెట్టుకే పురుగు ఎలా పట్టింది

ధాన్యం గాదెలో వేపాకు వేసే ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వేపలో పురుగుల మీద పనిచేసే ముఖ్య రసాయనం అజాడిరక్టిన్. అది అన్నిటికంటే ఎక్కువగా ఉండేది గింజలోపలి పప్పులో. ఆకుల్లో, లేత రెమ్మల్లో దాని మోతాదు చాలా తక్కువ. పైగా అది తక్షణం చంపే విషం కాదు. పురుగుకు తిండి మీద అయిష్టం కలిగించి, పెరుగుదలను, కుబుసం విడవడాన్ని దెబ్బతీస్తుంది. ఆకును కొరికి తినే పురుగుల మీద దాని ప్రభావం బలంగా కనిపిస్తుంది. ముక్కు గుచ్చి రసం పీల్చేవాటిలో కొన్ని వేప మీదే బతకడానికి అలవాటుపడ్డాయి. టీ దోమ వేప లేత కొమ్మల్లోనే గుడ్లు పెట్టి సంతతిని పెంచుకోగలదు. ఆఫ్రికాలో సహారా దక్షిణపు అంచున నాటిన వేపలను 1980లలో పొలుసు పురుగు దెబ్బతీసింది. 1990లలో నైజర్ వంటి దేశాల్లో వేపలు క్షీణించడం పెద్ద చర్చ అయింది. వేపకు ఏ పురుగూ పట్టదన్న మన నమ్మకం చెట్టు గుణాల్లో కొన్నిటిని చూసి ఏర్పడింది. శిలీంధ్రాల విషయంలోనూ అంతే. వేపనూనె కొన్ని పంట తెగుళ్లను ఆపగలిగినంత మాత్రాన, నూనె లేని లేత రెమ్మ తనంతట తాను రక్షణ పొందదు.

ఎండిన ప్రతి వేపా ఈ తెగులు తగిలినది కాదు

ఊళ్లలో తిరిగి చూస్తే డైబ్యాక్ ఖాతాలో వేస్తున్న చెట్లలో కొన్నిటి బాధ పూర్తిగా వేరు. మొదటిది, బాధే కాని ఆకురాలు. మన మెట్ట ప్రాంతాల్లో వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో సహజంగానే ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది. ఆ ఆకులు పసుపుపచ్చగా మారి నేల మీద పడతాయి, రెమ్మలు మాత్రం పచ్చిగా వంగుతాయి. తెగులు తగిలిన చెట్టులో ఆకులు గోధుమరంగులో రెమ్మను పట్టుకునే ఉంటాయి, రెమ్మ పుటుక్కున విరుగుతుంది. కాలం, రంగు, రెమ్మ స్వభావం ఈ మూడింటినీ కలిపి చూస్తే తేడా తెలిసిపోతుంది.

రెండోది బదనిక. చెట్టు కొమ్మ మీద వేరే ఆకులతో గుబురుగా పెరిగే ఈ పరాన్నజీవి, తాను కూర్చున్న చోటు నుంచి కొస దాకా ఉన్న భాగానికి నీరు అందనివ్వదు. ఎండిన కొమ్మ మొదట్లో బదనిక ఉందంటే కారణం అదే, మందుతో దానికి పనిలేదు.

మూడో కారణానికి మనుషులే బాధ్యులు. ఊరి వీధుల్లో సిమెంటు రోడ్లు వేసేటప్పుడు చాలా చోట్ల వేప మొదలు చుట్టూ గచ్చు బిగించేశారు. మురుగుకాలువ కోసమో పైపులైను కోసమో ఒకవైపు వేళ్లు నరికేశారు. వేళ్లు పోయిన వైపు పైకొమ్మలు రెండు మూడేళ్లకు ఎండుతాయి. అప్పటికి తవ్విన సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. ఒకవైపు కొమ్మలే, అందులోనూ పెద్దకొమ్మలే ఎండుతుంటే, రెమ్మల తెగులును అనుమానించే ముందు నేల వైపు చూడాలి. ఈ కారణం మీద మన దృష్టి పడాల్సినంత పడటం లేదు. శిలీంధ్రాన్ని ఆపడం కష్టం. మొదలు చుట్టూ మీటరు మేర గచ్చు పగలగొట్టి మట్టికి గాలి తగలనివ్వడం మాత్రం ఏ పంచాయతీకైనా సాధ్యమే.

నాలుగోది నీరు నిలవడం. దీన్ని కొత్త మొక్కల దగ్గర మళ్లీ చూద్దాం.

యూరప్‌లో యాష్ చెట్లకు జరిగినదానితో పోలిక ఎంతవరకు సరైనది

‘డైబ్యాక్’ అని వెతికినవారికి ఎక్కువగా ఎదురయ్యేది యూరప్ యాష్ చెట్ల కథ. అది చదివి, మన వేపకూ అదే గతి పడుతుందని భయపడేవారు ఉన్నారు కాబట్టి దాన్ని సరిగ్గా తెలుసుకోవడం మంచిది. యాష్ చల్లటి దేశాల చెట్టు. బ్రిటన్ పల్లెల్లో, పొలం గట్ల మీద, పెరళ్లలో దానికి ఉన్న స్థానం మన దగ్గర వేపకు ఉన్న స్థానం లాంటిదే. మన దేశంలో ఆ జాతి చెట్లు హిమాలయ ప్రాంతాల్లో ఉన్నాయి గానీ, పాలమూరు ఎండల్లో వాటిని పెంచడం అయ్యే పని కాదు. 1992లో పోలండ్‌లో యాష్ చెట్లు కొసల నుంచి ఎండడం మొదటిసారి గమనించారు. కారణమైన శిలీంధ్రం తూర్పు ఆసియా నుంచి వచ్చినదని తర్వాత తేలింది. అక్కడి మంచూరియా యాష్ దానితో కలిసి బతకడం నేర్చుకుంది; యూరప్ యాష్‌కు ఆ అవకాశమే రాలేదు. 2012లో బ్రిటన్‌లో దాన్ని గుర్తించాక ఆ ఏడు అక్టోబరులో యాష్ మొక్కల దిగుమతినీ, రవాణానూ నిషేధించారు. అప్పటికే గాలిలో తేలివచ్చిన బీజాలు అడవుల్లోకి చేరిపోయాయి. చాలా ప్రాంతాల్లో అధిక శాతం చెట్లు కొన్నేళ్లలో క్షీణించాయి, కొద్ది శాతం మాత్రమే తట్టుకున్నాయి.

వేప పరిస్థితి రెండు ముఖ్య విషయాల్లో వేరు. వేప ఈ ఉపఖండపు చెట్టు, టీ దోమ కూడా ఇక్కడిదే, శిలీంధ్రం మనకు తెలిసి సుమారు మూడు దశాబ్దాలుగా ఇక్కడే ఉంది. ఈ కాలంలో వేప జాతి తుడిచిపెట్టుకుపోలేదు. రెండో తేడా చెట్టు లోపలిది. యాష్ శిలీంధ్రం ఆకు ద్వారా దిగి కొమ్మలోకి, మాను మీదికి పాకి పుండ్లు చేస్తుంది, లేత చెట్లను కొద్ది ఏళ్లలోనే చంపుతుంది. వేపలో ఎండు చాలావరకు రెమ్మల దగ్గరే ఆగుతుంది. ఎండాకాలం రాగానే వెనుకనున్న బతికిన కొమ్మ నుంచి కొత్త చిగురు వస్తుంది. 2021 చివర మాడిపోయినట్టు కనిపించిన చెట్లలో ఎన్నో 2022 వేసవికి పచ్చబడటం ఊళ్లవారు చూశారు.

ఈ పోలిక పూర్తిగా ధీమాగా ఉండనివ్వదు కూడా. ఎండిన చెట్టు మళ్లీ చిగురించడానికి మానులో, వేళ్లలో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చుచేస్తుంది. ఏటా అక్టోబరులో ఆకు పోగొట్టుకుని ఏటా వేసవిలో దాచుకున్నది తీసి ఖర్చుపెట్టే చెట్టు క్రమంగా బలహీనపడి, చెదకూ, కాండం తొలిచే పురుగుకూ, ఒక కరువు ఏడాదికీ లొంగిపోవచ్చు. ఒక ఏడు ఎండటం వేరు, వరసగా నాలుగైదేళ్లు ఎండటం వేరు. నష్టం చెట్టు ప్రాణంతో ఆగదు కూడా: పూతా కాయా మాడిన ఏడు ఉగాది పచ్చడికి వేపపువ్వు వెతుక్కోవాల్సి వస్తుంది, ఎండాకాలం చివర గింజలు ఏరి అమ్ముకునే కూలీల చేతికి ఆ కాస్త ఆదాయమూ రాదు.

మందు కొట్టడం గురించిన రెండు వాదాలు

తెగులు వార్తల్లోకి వచ్చినప్పుడు వ్యవసాయ శాస్త్రవేత్తల సూచనల్లో మొదళ్లలో శిలీంధ్రనాశిని ద్రావణం పోయడం, కొమ్మల మీద శిలీంధ్రనాశిని, ఆ తర్వాత పురుగుమందు పిచికారీ చేయడం అనే క్రమం కనిపించింది. కార్బండాజిమ్, థయోఫానేట్ మిథైల్ అనే శిలీంధ్రనాశినుల పేర్లు, ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు పేరు అప్పుడు ఊళ్లలోకి వచ్చాయి. మందును సమర్థించేవారి వాదన బలహీనమైనది కాదు. నర్సరీలో రెండడుగుల మొక్కలకు, ఇంటి ముందున్న ఐదారేళ్ల చెట్టుకు మందు పూర్తిగా అందుతుంది. సరైన సమయంలో, అంటే వానాకాలపు చిగురు వచ్చేటప్పుడే, ఇస్తే ఎండు తగ్గుతుంది. ఊరికి ప్రాణంలాంటి ఒక్క చెట్టును కాపాడుకోవడానికి ఖర్చుకు వెనుకాడనక్కర్లేదని వారు అంటారు.

వ్యతిరేకించేవారి లెక్క కూడా చూడాలి. ఒక ఊర్లో 300 పెద్ద వేపచెట్లు ఉన్నాయనీ, ఒక్కో చెట్టు గుబురు తడవడానికి 60 లీటర్ల ద్రావణం పడుతుందనీ అనుకుందాం. ఒక విడతకు 18,000 లీటర్లు, మూడు విడతలకు 54,000 లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరు పదకొండుసార్లు నిండాలి. చేతిపంపు పిచికారీ నలభై అడుగుల చెట్టు కొసకు అందనే అందదు, కొసలే కదా తడవాల్సింది. పై నుంచి కారిన మందు కింద ఆడుకునే పిల్లల మీద, పశువుల తొట్టిలో, బావిలో, పూత మీద వాలే తేనెటీగల మీద పడుతుంది. ఇంత చేసినా చుట్టుపక్కల గుట్టల మీదా పొలం గట్ల మీదా ఉన్న వేపల నుంచి పురుగు మళ్లీ వస్తుంది. సాంకేతికంగా ఇంకొక చిక్కు ఉంది. థయోఫానేట్ మిథైల్ మొక్కలో విచ్ఛిన్నమై కార్బండాజిమ్‌గానే మారుతుంది. ఈ రెండిటినీ మార్చిమార్చి వాడితే మందు మార్చినట్టు కనిపిస్తుంది గానీ శిలీంధ్రం ఎదుర్కొనేది ఒకే రసాయనాన్ని. అందువల్ల అది మందుకు అలవాటుపడే ప్రమాదం తగ్గదు.

మాను లోపలికి మందు ఎక్కించవచ్చు కదా అని పాలమూరువాళ్లు అడగడానికి ఒక కారణం ఉంది. 2018లో చెదలు తినేసి కూలిపోతున్న మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మహావృక్షానికి, సెలైన్ సీసాల ద్వారా చుక్కచుక్కగా క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు ద్రావణం ఎక్కించిన దృశ్యం దేశమంతా చూసింది. అక్కడ శత్రువు మానులో ఉన్న చెద, కాపాడాల్సింది ఒకే ఒక్క చెట్టు, చూసుకోవడానికి సిబ్బంది ఉన్నారు. రెమ్మల కొసన ఉన్న తెగులుకు, వందల చెట్లకు, ఆ పద్ధతిని అలాగే అన్వయించలేం.

ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటి మేలుచేసే సూక్ష్మజీవులు ప్రయోగశాలలో ఈ శిలీంధ్రాన్ని అణచగలవని పరిశోధనలు చూపాయి. పశువుల ఎరువులో కలిపిన ట్రైకోడెర్మా వేరు చుట్టూ ఉన్న తెగుళ్లకు బాగా పనిచేస్తుంది. ముప్పై అడుగుల ఎత్తున రెమ్మ కొసన జరిగే ఎండును అది ఎంత ఆపగలదన్నది వేరే విషయం. రెండు వైపులా తూచి చూస్తే, నర్సరీలకూ చేతికందే లేత చెట్లకూ మందు వాదన బరువైనది, ఊరంతటి పెద్దచెట్లకు వద్దనే వాదన బరువైనది అనిపిస్తుంది.

ఎండిన చెట్టును కొట్టేయాలనే తొందర

తెగులు పాకకుండా కొట్టేద్దామనే మాట వినడానికి సబబుగానే ఉంటుంది. శిలీంధ్ర బీజాలు చుట్టుపక్కలంతా ఉన్నప్పుడు ఒక చెట్టును కొట్టడం వల్ల మిగతా చెట్లకు ఒరిగేది తక్కువ. డిసెంబరులో కొట్టిన చెట్టు మార్చిలో చిగురించేదో కాదో ఇక ఎవరికీ తెలియదు. యూరప్‌లో కూడా దారి మీదా ఇళ్ల మీదా పడే ప్రమాదం ఉన్నవాటిని తప్ప మిగతా యాష్ చెట్లను నిలబడనివ్వమనే చెబుతున్నారు. తెగులును తట్టుకునే చెట్టు ఏదో నిలబడితేనే తెలుస్తుందన్నది అక్కడి తర్కం. మన దగ్గర నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కూడా కావాలి. ఉగాది దాకా ఆగి చూసినా చిగురు లేకుండా, మాను బెరడు కింద కూడా ఎండిపోయి ఉంటే అప్పుడు సంగతి వేరు. ఎండిన రెమ్మలను చేతికందినంత వరకు పొడి వాతావరణంలో కత్తిరించి కాల్చేయడం వల్ల బీజాల భారం కొంత తగ్గుతుంది. వానలో కత్తిరిస్తే కొత్త గాయాలే శిలీంధ్రానికి తలుపులవుతాయి.

కొత్తగా నాటే వేపకు చోటు, నేల ఎలా తేడా తెస్తాయి

దక్షిణ తెలంగాణలో ఏటా పడే వాన సుమారుగా 600 నుంచి 750 మిల్లీమీటర్లు. వేపకు ఇది చక్కగా సరిపోయే లెక్క. తెగులు ఉన్నంత మాత్రాన ఇక్కడ వేప నాటడం దండగ అనుకోవడానికి ఆధారం లేదు. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది చోటే.

దేవరకొండ వైపు ఎర్ర చెల్క నేలలో 200 గజాల ఇంటి స్థలం ఉందనుకుందాం. అంటే సుమారు 167 చదరపు మీటర్లు. పెరిగిన వేప గుబురు అడ్డంగా పది మీటర్లు విస్తరిస్తే అది కప్పే నేల దాదాపు 78 చదరపు మీటర్లు, అంటే 94 గజాలు. స్థలంలో దాదాపు సగం! గోడకు ఆనించి నాటితే పదేళ్లకు కొమ్మలు నరకాల్సి వస్తుంది, నరికినచోటల్లా విపరీతంగా లేత చిగురు వస్తుంది, ఆ చిగురే టీ దోమకు విందు. గోడకు నాలుగైదు మీటర్ల దూరంలో ఒకే ఒక్క వేప అయితే దాన్ని దాని మానాన పెరగనివ్వవచ్చు. చెల్క నేలలో నీరు నిలవదు, వేరు లోతుకు దిగుతుంది. మొదటి రెండు ఎండాకాలాలు నీరు పోసి, మేకల నుంచి ముళ్లకంపతో కాపాడితే ఆ తర్వాత చెట్టు తన బతుకు తాను చూసుకుంటుంది.

హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి గట్టు మీద నాటిన వేప పరిస్థితి ఇందుకు భిన్నం. రెండు పంటలకూ వేరు చుట్టూ నీరు నిలిచి ఉంటుంది, గాలిలో తేమ ఎక్కువ. వేప ఎండను ఓర్చుకున్నంతగా నీటి నిలువను ఓర్చుకోదు. అక్కడ మొక్క ఎండితే తెగులు మీద తోసేయడం తేలిక. నిజానికి సగం కారణం వేరు దగ్గరే ఉంటుంది. అలాంటి గట్ల మీద తడిని తట్టుకునే కానుగ, నేరేడు మెరుగ్గా నిలుస్తాయి. మక్తల్, నారాయణపేట వైపు నల్లరేగడిలో వేప బతుకుతుంది గానీ పల్లపు చోట నాటితే వానాకాలంలో ఇదే ఇబ్బంది ఎదురవుతుంది, కాబట్టి మెరక చూసుకోవడం మంచిది.

ఇక రోడ్డు వెంట నాటే వరసలు. 2015లో మొక్కలు నాటే ప్రభుత్వ పథకం హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వచ్చాయి, రోడ్ల వెంట ఒకే రకం మొక్కలు వరసగా నాటడం అలవాటైంది. కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను అలాగే విరివిగా నాటి, తర్వాత దాన్ని నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. యాభై మొక్కల వరసలో యాభైకి యాభై వేపలైతే ఒక మొక్క మీది పురుగుకు పక్క మొక్క చేతికందే దూరంలోనే ఉంటుంది. అదే వరసలో వేప, కానుగ, చింత, రావి, నేరేడు కలిపి నాటితే వేపకూ వేపకూ మధ్య ఇరవై ముప్పై మీటర్ల ఎడం వస్తుంది. దీనితో తెగులు ఆగిపోదు. వేపలు మాడిన ఏడు కూడా బాటసారికి నీడ మాత్రం మిగులుతుంది.

మొక్క ఎక్కడి నుంచి వస్తోంది

ఈ చర్చలో తక్కువగా వినిపించే విషయం గింజ. ఫోమాప్సిస్ శిలీంధ్రం గింజ ద్వారా కూడా ప్రయాణిస్తుంది. తెగులు తీవ్రంగా ఉన్న చెట్టు గింజల్లో మొలకశాతం పడిపోతుంది, మొలిచినవాటిలో కొన్ని తెగులును వెంటబెట్టుకునే పుడతాయి. అందువల్ల నర్సరీ నుంచి తెచ్చే మొక్క కొస ఎండి, పక్కనుంచి కొత్త రెమ్మ వేసి ఉంటే, మొక్క ఎంత గుబురుగా ఉన్నా అనుమానించాల్సిందే.

వేప గింజకు ఇంకో ప్రత్యేకత ఉంది. యాష్ గింజ నేలలో పడ్డాక మొలవడానికి ఏడాదిన్నర దాకా నిద్రపోతుంది. వేప గింజ అందుకు పూర్తిగా వ్యతిరేకం. పండు రాలిన కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి కోల్పోతుంది. నిరుడు దాచిన గింజలతో పెంచుదామంటే కుదరదు. మన జిల్లాల్లో జూన్, జూలైలలో పండ్లు రాలతాయి. గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాల్లోపు సంచుల్లో విత్తితే ఒకటి రెండు వారాల్లో మొలుస్తాయి.

ప్రతి ఊర్లోనూ ఒక సంగతి గమనించవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు వేపల్లో ఒకటి పూర్తిగా మాడితే, ఇంకొకటి పచ్చగా నిలబడి ఉంటుంది. ఒక్క ఏడు చూసి దానికి సహజంగా తట్టుకునే శక్తి ఉందనలేం; అది ఆలస్యంగా చిగురించి పురుగు కంటపడకుండా తప్పించుకుని ఉండవచ్చు. వరసగా మూడు నాలుగు వానాకాలాల తర్వాత కూడా పచ్చగానే ఉన్న చెట్టు అయితే, దాని గింజకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అలాంటి చెట్లను గుర్తుపట్టగలిగేది ఏటా వాటి కింద నుంచి నడిచే ఊరివాళ్లే. నవంబరులో ఆ చెట్టు మొదలుకు సున్నంతో ఒక గుర్తు పెట్టి ఉంచితే, జూన్‌లో ఊరి నర్సరీకి గింజలు ఏ చెట్టు కింద ఏరాలో తెలుస్తుంది.